సుగుణ ఎత్తుకుంటేనే పాట

కరీంనగర్ వెళ్తున్నానని చెబితే తెనాలిలో ఎవరూ ఎందుకని అడగరు. అక్కడ ఎండలు ఎలా ఉంటాయని అడుగుతారు. నవంబరు చివరండీ, చలి మొదలైంది అని చెప్పినా వినరు. మా ఎదురింటావిడ అయితే గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ళుగా వీళ్ళ మధ్యే కాపురం చేస్తున్నా, నేను పుట్టిన ప్రాంతం వీళ్ళకి ఒక వేసవికాలం మాత్రమే. వాదించి లాభం లేదని గొడుగు తీసుకునే బయల్దేరాను.

నేను వెళ్ళింది పాట పాడటానికి. కరీంనగర్‌లో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో చదువుకునే రోజుల్లో మాకొక క్వాయర్ ఉండేది. ఆదివారాలు చర్చిలో, పండుగలకి చుట్టుపక్కల ఊళ్ళలో పాడేవాళ్ళం. పదిమందికి పైగా ఉండేవాళ్ళం. ఇద్దరు పోయారు, కొందరి ఆచూకీ లేదు, ఇంకొందరు మోకాళ్ళ పేరు చెప్పి తప్పుకున్నారు. మిగిలింది నలుగురం. అందరం యాభై దాటినవాళ్ళమే. మాకు పాట నేర్పిన కరుణమ్మ టీచర్ ఇప్పుడు లక్సెట్టిపేటలో మేనల్లుడి ఇంట్లో ఉంటోంది. ఆమెకి ఎనభై దాటాయి. అక్కడి చర్చిలో కోత పండుగనాడు ఆమె ముందు ఒక్కసారి పాడాలని మా గ్రేస్‌మణి పట్టుబట్టి అందరినీ కదిలించింది.

టీచర్ సరేనంది గానీ ఒక మెలిక పెట్టింది. "సుగుణ వస్తెనే పాట. లేకుంటె అన్నం తిని, ముచ్చట పెట్టుకోని పోండ్రి" అందట.

ఆ సుగుణే మాకు దొరకడం లేదు. ఆదిలాబాద్ వైపు ఒక పల్లెలో పత్తి రైతుని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. రెండేళ్ళుగా ఫోన్ ఎత్తదు. భర్త ఎత్తి "పనిల ఉన్నది" అంటాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏం పెట్టినా ఆమె దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది, అంతే. హిందువుల ఇంటికి వెళ్ళింది కదా, పాటలు మాన్పించి ఉంటారని ఒకరు, నాలుగెకరాలు కొనేసరికి పొగరెక్కిందని ఇంకొకరు. వెళ్ళి తీసుకురావడమే మార్గమని గ్రేస్‌మణి తేల్చింది. సుగుణ వస్తుందా, వస్తే పాడుతుందా అన్నదే ఈ ప్రయాణం మొత్తానికీ ఉన్న ఒకే ప్రశ్న.

హుజూరాబాద్: తొక్కు డబ్బా

వరంగల్లో రైలు దిగి కరీంనగర్ బస్సెక్కాను. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. మూత చుట్టూ టేపు, టేపు మీద గుడ్డ, గుడ్డ మీద మళ్ళీ టేపు. కాసేపటికి ఆ డబ్బాని నా ముక్కు దగ్గరికి తెచ్చింది.

"జర వాసన సూడు బిడ్డా. నూనె కారుతున్నదా?"

కారడం లేదన్నాను. అది చింతకాయ తొక్కు. మా తెనాలిలో పచ్చడి అంటాం. ఆవిడ అల్లుడు మస్కట్లో ఉంటాడు. హుజూరాబాద్ నుంచి ఒకతను రేపు విమానమెక్కుతున్నాడు, అతని చేతికి ఇవ్వాలి. పోయినసారి నూనె కారి అతని చొక్కాలన్నీ పాడయ్యాయట. మళ్ళీ కారితే ఇక ఊరి నుంచి ఎవరూ ఏమీ తీసుకెళ్ళరని ఆవిడ బెంగ. "మా అల్లునికి ఫికర్ లేదు, తొక్కు లేకున్నా తింటడు. నాకే మనసున పట్టది" అంది.

హుజూరాబాద్‌లో బస్సు ఆగింది. ఆవిడ డబ్బాని రెండు చేతులా పట్టుకుని దిగింది. నేను మిరపకాయ బజ్జీలు కొనుక్కున్నాను. నాలుగు ఇరవై రూపాయలు. మా వైపు బజ్జీలో వాము పెట్టి ఉల్లిపాయ కూరుతారు. ఇక్కడ అలాంటి మొహమాటాలేమీ లేవు, మిరపకాయ మిరపకాయలాగే ఉంటుంది. కరీంనగర్ చేరేదాకా నోరు తెరుచుకునే కూర్చున్నాను.

కరీంనగర్: నలుగురిలో ఇద్దరం

గ్రేస్‌మణి బస్టాండుకి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పుడు మా అందరిలో పొట్టిది, ఇప్పటికీ అంతే. అడ్డంగా మాత్రం అభివృద్ధి సాధించింది. నేను "ఎలా ఉన్నావే?" అన్నానో లేదో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఎలా ఉన్నావా? ఏమే విమలా, మొత్తానికి ఆంధ్రదానివైపోయినవ్ గదనే. ఎట్లున్నవే అనరాదా?"

తెనాలిలో నన్ను ముప్పై ఏళ్ళుగా తెలంగాణావిడ అంటున్నారు. ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలో తెలియదు.

హాస్టల్ ఉన్నచోట ఇప్పుడు దుకాణాల వరుస ఉంది. మేము పడుకున్న హాలు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బాధ కలుగుతుందేమోనని కాసేపు అక్కడ నిలబడి చూశాను, కలగలేదు. ఆ హాలులో నల్లులు ఎక్కువ.

సాయంత్రం గ్రేస్‌మణి ఇంట్లో సర్వపిండి, అంటే బియ్యప్పిండితో చేసే కారం రొట్టె, తింటూ ప్రాక్టీసు పెట్టుకున్నాం. వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయించే డేవిడ్ అనే అతన్ని పిలిచింది. పెళ్ళిళ్ళకి, వర్ధంతులకి తిరిగే మనిషి, మంచి చెయ్యి. మేము పాడాల్సింది టీచర్ స్వయంగా కట్టిన కోత పాట. నాట్లు వేసే ఆడవాళ్ళ దగ్గర విన్న బాణీకి ఆమె మాటలు కూర్చింది. "గుప్పెడు గింజలు చల్లితిమయ్యా, గుమ్మి నిండిచ్చినవూ" అని మొదలవుతుంది. మా వైపు గాదె అనేదాన్నే ఇక్కడ గుమ్మి అంటారు. డేవిడ్ బాణీ విని పట్టుకుని, ముందు వాయిద్యం వాయించి మాకేసి చూశాడు.

మేమిద్దరం నోరు తెరిచి నిలబడ్డాం. పాట రాలేదు.

అతను మళ్ళీ వాయించాడు. మళ్ళీ రాలేదు. మూడోసారి నేను గమనించాను. గ్రేస్‌మణి తల ఎడమవైపు తిరిగి ఉంది. నా తలా అటే ఉంది. ఎడమవైపు బీరువా తప్ప ఏమీ లేదు.

"మీకు పాట రాదా అక్కా?" అన్నాడు డేవిడ్ మర్యాదగా.

పాట వచ్చు. మొదలుపెట్టడం రాదు. అతనికి ఆ సంగతి చెప్పడానికి చాలా సేపు పట్టింది. మా రోజుల్లో హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేస్తే, బాగుచేయించే స్తోమత హాస్టల్‌కి లేకపోయింది. టీచర్ దాన్ని మూలన పెట్టి, శృతి బాధ్యత సుగుణకి అప్పజెప్పింది. వరుసలో ఎడమ చివర సుగుణ నిలబడేది. టీచర్ గడ్డంతో ఆమెకి సైగ చేసేది. సుగుణ మొదటి పాదం ఎత్తుకునేది. ఆమె ఎక్కడ ఎత్తుకుంటే అదే మా శృతి. పైకి పోయినా, కిందికి వచ్చినా మేము ఆమె వెంట పోవాల్సిందే. ఎవరైనా సొంతంగా ఎత్తుకున్నా, మధ్యలో శృతి మార్చినా ఆ వారమంతా వంటింట్లో గిన్నెలు తోమాలి. అలా ఏడేళ్ళు పాడాం. ఆ గొంతు వినబడకపోతే ఇప్పటికీ మా నోట్లో మొదటి మాట పుట్టదని ఆ సాయంత్రమే తెలిసింది.

"అయితే ఆమె రాకపోతె?" అన్నాడు డేవిడ్.

గ్రేస్‌మణి అతని ప్లేటులో ఇంకో సర్వపిండి వేసింది.

నస్పూర్: అద్దాల మీద చెయ్యి

మరునాడు తుఫాన్ జీపు ఒకటి మాట్లాడుకుని బయల్దేరాం. డ్రైవరు ఖాదర్ భాయ్ దుబాయ్‌లో చాలా ఏళ్ళు బండి నడిపి వచ్చినవాడు. దారిలో కనబడిన ప్రతి గేదెనీ, ప్రతి గుంతనీ దుబాయ్‌తో పోల్చాడు. "ఆడ గిట్ల రోడ్డు మీద నిలవడితె జుర్మానా పడ్తది మేడం" అన్నాడు ఒక గేదెని చూపిస్తూ. గేదె పట్టించుకోలేదు.

గోదావరి దాటి మంచిర్యాల, దాన్ని ఆనుకునే నస్పూర్. మా నలుగురిలో మూడోదైన సలోమి అక్కడ ఉంటుంది. ఆమె భర్త ఇక్కడివాళ్ళు బాయి అనే బొగ్గు గనిలో పనిచేస్తాడు, మేము వెళ్ళేసరికి షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో ఏ వస్తువు మీద వేలు పెట్టినా నల్లగా వస్తుంది. సలోమి రోజుకి రెండుసార్లు తుడుస్తుందట. తుడవడం మానేస్తే తప్పు తనదవుతుంది, తుడిస్తే తప్పు బొగ్గుదవుతుంది అని ఆమె లెక్క.

గుడాలు పెట్టింది. ఉడకబెట్టిన బొబ్బర్లలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టినవి. చిన్నప్పుడు హాస్టల్లో సాయంత్రం ఇవే పెట్టేవారు, అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు రెండు గిన్నెలు తిన్నాను. తింటుండగా ఎక్కడో భూమిలో బాంబు పేలినట్టు దబ్బుమని చప్పుడైంది. నేను ఉలిక్కిపడ్డాను. సలోమి చెబుతున్న మాట ఆపకుండానే చెయ్యి చాపి షోకేసు అద్దాన్ని పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది.

"ఓపెన్‌కాస్టు గనిల బొగ్గు పేలుస్తుండ్రు. రోజు గిదే టైముకు" అంది. ఆ వీధిలో ఆడవాళ్ళందరూ ఆ వేళకి అద్దాల దగ్గరే కూర్చుంటారట.

సుగుణ సంగతి అడిగితే సలోమి ముఖం ముడుచుకుంది. "నా బిడ్డ పెండ్లికి పిలిచిన. రాలే. ఫోన్ చేస్తె మాట్లాడలే. ఆమె లేకుంటె పాట లేదా? గ్రేసు ఎత్తుకోరాదా?"

"నేనా?" అంది గ్రేస్‌మణి. కానీ ఆ ఆలోచన ఆమెకి నచ్చిందని ముఖంలో కనబడింది. బండెక్కిన దగ్గర్నుంచీ లోలోపల గొంతు సవరించుకుంటూనే ఉంది.

జన్నారం అడవి: ఒక పంక్చరు

సలోమినీ ఎక్కించుకున్నాం. సుగుణ ఊరికి లక్సెట్టిపేట మీదుగానే పోవాలి. టీచర్ ఉండే వీధి పక్కనుంచే వెళ్ళాం, దిగలేదు. సుగుణ లేకుండా వెళ్ళి ఆమె ముందు నిలబడే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. యాభై దాటాక కూడా ఒక మనిషికి ఇలా భయపడటం నాకు బాగానే అనిపించింది.

జన్నారం దాటగానే టేకు అడవి. రోడ్డుకి రెండువైపులా పెద్ద పెద్ద ఆకులు రాలి ఉన్నాయి, బండి చక్రాల కింద అప్పడాల్లా నలుగుతున్నాయి. పులులున్న అడవి, నెమ్మదిగా వెళ్ళండి అని బోర్డులు. సరిగ్గా అలాంటి ఒక బోర్డు కింద టైరు పంక్చరైంది. ఖాదర్ భాయ్ దిగి చూసి, స్టెప్నీ కూడా పంక్చరే అన్న సంగతి అప్పుడు చెప్పాడు.

"దుబాయ్‌ల అయితె?" అని అడిగాను.

"దుబాయ్‌ల ఫోన్ చేస్తె వస్తరు" అని అతను ఫోన్ చూసుకున్నాడు. సిగ్నల్ లేదు.

అటు వెళ్తున్న ట్రాక్టరు మీద టైరు వేసుకుని అతను వెనక్కి జన్నారం వెళ్ళాడు. మేము రోడ్డు పక్కన టేకు ఆకులు పరుచుకుని కూర్చున్నాం. పులి రాలేదు గానీ ఒక గోండు ఆడమనిషి సీతాఫలాల బుట్టతో వచ్చింది. ధర అడిగితే వేళ్ళు చూపించింది, బుట్ట సగం వంద రూపాయలు. కొన్నాక వెళ్ళిపోకుండా మాతోపాటు కూర్చుని తానూ ఒకటి ఒలుచుకుంది. మా తెనాలిలో అమ్మినవాళ్ళు కూర్చోరు, కొన్నవాళ్ళు కూర్చోనివ్వరు. ఆమెకి మా తెలుగు కొద్దిగానే వచ్చు, మాకు ఆమె భాష అసలు రాదు. పళ్ళు తియ్యగా ఉన్నాయన్న విషయంలో మాత్రం అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది.

సుగుణ ఇల్లు: పత్తి మధ్యన

ఉట్నూరు దాటాక నల్లరేగడి మొదలైంది. కనుచూపు మేర పత్తి. ఇళ్ళల్లోనూ పత్తే. సుగుణ వాళ్ళ ముందుగది దూలాల దాకా పత్తితో నిండి ఉంది. పత్తికీ గోడకీ మధ్య మిగిలిన చోట రెండు మంచాలు వాల్చారు. ధర పెరిగేదాకా పంటని ఇంట్లోనే పెట్టుకుని, దాని పక్కనే తిని, దాని పక్కనే పడుకుంటారట. కూర్చున్న కాసేపటికే ఒళ్ళంతా దురద మొదలైంది.

సుగుణ భర్త మారుతి ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, తల మీద తెల్ల టోపీ. "రండ్రి తాయి, రండ్రి. చేన్ల ఉన్నది, పిలుస్త" అని వెళ్ళాడు. తాయి అంటే మరాఠీలో అక్క. నేను ఊహించుకున్న మీసాల మొగుడు ఇతను కాదు. మేము సిద్ధం చేసుకున్న కోపంలో సగం అక్కడే వ్యర్థమైంది.

సుగుణ వచ్చింది. నడుముకి పత్తి ఏరే గుడ్డ కట్టుకుని ఉంది. జుట్టు నెరిసింది. మమ్మల్ని చూసి గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరినీ గట్టిగా పట్టుకుంది. మాట మాత్రం లేదు. మేమే మాట్లాడుతున్నాం, ఆమె తలాడిస్తోంది, నవ్వుతోంది, మంచినీళ్ళు ఇస్తోంది.

సలోమి ఇక ఉండబట్టలేకపోయింది. "మాతోని మాట్లాడ్తె నీ సొమ్మేమన్న పోతదా? నా బిడ్డ పెండ్లికి ఎందుకు రాలేదో జెప్పు."

సుగుణ మంచం అంచున కూర్చుంది. "ఎట్ల రావాలె సలోమీ? వస్తె మాట్లాడాలె గద" అంది.

ఆ గొంతు విని నేను మారుతి మాట్లాడాడేమోనని అటు చూశాను. అతను నోట్లో వక్కపలుకు వేసుకుంటున్నాడు. మాట్లాడింది సుగుణే. లోతుగా, బొంగురుగా, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టుంది. హాస్టల్ గోడలు దాటి రోడ్డు మీద సైకిళ్ళని ఆపిన గొంతు ఇదేనంటే ఎవరూ నమ్మరు.

రెండేళ్ళ కిందట గొంతులో గడ్డ లేస్తే నాగ్‌పూర్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. గడ్డ పోయింది, ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం ఇలా మిగిలింది. "ఫోన్ల గ్యాసు బుక్ జేస్తె సార్ అంటుండ్రు. మొదట్ల కాదయ్యా అమ్మను అని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్తలేను. సార్‌నే అయిన" అంది.

సలోమి నోట్లో కొంగు పెట్టుకుని ఏడ్చింది. పొగరన్న మాట వాడింది తనే కాబట్టి కాస్త ఎక్కువే ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. సలోమి వీపు నిమురుతూ కూర్చున్నాను.

రాత్రి భోజనంలో జొన్న రొట్టెలు, శనగపిండి జున్కా, దంచిన పచ్చిమిర్చి. మారుతి వేడి రొట్టెలు ఒక్కొక్కటిగా తెచ్చి వడ్డించాడు. మా వైపు మొగుళ్ళు వడ్డించరు, వడ్డిస్తే పెళ్ళిళ్ళలోనే. గ్రేస్‌మణి అసలు విషయం ఎత్తింది. టీచర్ పెట్టిన షరతు చెప్పింది.

"చూసొస్త" అంది సుగుణ. "టీచరమ్మ కాళ్ళు మొక్కి వస్త. పాడ మాత్రం పాడ. ఆమె చెవుల నా పాత గొంతున్నది. గదే ఉండనీ. పొయ్యే ముందు గిది ఇని పోవుడెందుకు?"

మారుతి రొట్టె తుంచుతూ నెమ్మదిగా అన్నాడు. "పత్తి ఏరుకుంట పాడ్తది తాయి. ఎవలు ఇనరనుకుంటది. ఇంతకుముందు చేను ఆ కొసకెంచి పిలిచేది నన్ను. ఇప్పుడు పక్కకొచ్చి పిలుస్తది. నాకైతె లాభమే అయింది."

సుగుణ అతని కంచంలో రొట్టె కాస్త విసురుగానే పడేసింది.

లక్సెట్టిపేట: కోత పండుగ

ఆదివారం పొద్దున మంచులో బయల్దేరాం. సుగుణ వెనక సీట్లో కిటికీ దగ్గర కూర్చుంది. దారంతా గ్రేస్‌మణి ప్రాక్టీసు చేసింది. పాట తనే ఎత్తుకోవాలని ఆమె నిర్ణయించుకుంది, టీచర్‌కి కోపం వస్తే వచ్చిందని. ఖాదర్ భాయ్ అద్దంలోంచి ఆమెని రెండుమూడుసార్లు ఆందోళనగా చూశాడు.

కోత పండుగ గురించి మా వైపు చర్చిల్లో పెరిగినవాళ్ళకి కూడా చెప్పాలి. మా తెనాలిలో కవర్లో డబ్బు పెట్టి ఇస్తారు. ఇక్కడ పంటే తెస్తారు. వడ్ల బస్తా, మక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒకావిడ మేకపిల్లని కూడా తెచ్చింది. అన్నీ చర్చి ముందు వరసగా పేరుస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ప్రసంగం జరుగుతున్నంత సేపూ మేక పాస్టరుగారికి సమాధానమిస్తూనే ఉంది.

కరుణమ్మ టీచర్ ముందు వరసలో కుర్చీలో కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. చీర కుచ్చిళ్ళు మాత్రం అప్పటిలాగే పొందిగ్గా ఉన్నాయి. మేము నలుగురం వెళ్ళి వందనం చెప్పాం. మా ముగ్గురినీ పేర్లతో పిలిచి, సుగుణ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఏమే, మాట్లాడవు?" అంది. సుగుణ వంగి కాళ్ళు మొక్కింది. టీచర్ ఆమెని పైకి లేపుతూ ముఖంలోకి చాలాసేపు చూసింది.

కానుకల వేళ మా పేర్లు పిలిచారు. నలుగురం వరసగా నిలబడ్డాం. ఎవరూ చెప్పకుండానే సుగుణ ఎడమ చివరికి వెళ్ళింది. నోరు గట్టిగా మూసుకుని ఉంది. గ్రేస్‌మణి కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

బాగా పైన ఎత్తుకుంది. ముప్పై అయిదేళ్ళ కిందటి సుగుణని మనసులో పెట్టుకుని ఎత్తుకుని ఉంటుంది. మేము వెంట పరుగెత్తాం. రెండో చరణం చివర పాట ఇంకా పైకి ఎక్కుతుంది. అక్కడ గ్రేస్‌మణి గొంతు జీరపోయింది, నాది అసలు రాలేదు, సలోమికి దగ్గొచ్చింది. ఆ ఖాళీలో మేక అరిచింది. చర్చంతా నవ్వింది. యువకుల క్వాయర్ వాళ్ళు వెంటనే కీబోర్డు అందుకుని వేరే పాట మొదలుపెట్టి మమ్మల్ని కాపాడారు. నాకు సిగ్గేసింది. పిల్లలు మంచివాళ్ళు కాబట్టి ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

తర్వాత షామియానా కింద వేలం. నేను ఎవరినో పలకరించడానికి చెయ్యెత్తితే, రెండు కిలోల కోడి నాలుగువందల యాభైకి నాదైంది. కాదంటే బాగుండదని సలోమి అంది. అలా కాళ్ళు కట్టిన కోడిని ఒళ్ళో పెట్టుకుని అన్నాల వరసలో కూర్చున్నాను. తెనాలికి రైల్లో ఎలా తీసుకెళ్ళాలో తెలియక దాన్ని ఖాదర్ భాయ్‌కి ఇచ్చేశాను.

భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. టీచర్ చింతచెట్టు నీడకి కుర్చీ వేయించుకుని, మమ్మల్ని రమ్మని కబురు పంపింది. వెళ్ళి అలవాటుగా వరసలో నిలబడ్డాం.

"గ్రేసూ, నిన్ను ఎత్తుకొమ్మన్నదెవలు?"

గ్రేస్‌మణి చిన్నపిల్లలా తల దించుకుంది. టీచర్ ఎడమ చివరికి చూసింది. గడ్డం కొద్దిగా పైకెత్తింది.

సుగుణ తల అడ్డంగా ఊపింది. టీచర్ గడ్డం దించలేదు. ఇక తప్పదని సుగుణ నోరు విప్పింది. "టీచరమ్మా, నా గొంతు పోయింది."

ఆ లోతైన బొంగురు గొంతు అందరికీ వినబడింది. గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూశారు. నేను టీచర్ ముఖమే చూస్తున్నాను. అందులో జాలి కనబడితే సుగుణ తట్టుకోలేదని నాకు తెలుసు.

టీచర్ ముఖం ఏమీ మారలేదు. తప్పు పాడినప్పుడు వినేలాగే, చెవి ఇటు వొంచి విన్నది.

"పోయిందంటున్నవ్. మరి గిప్పుడు మాట్లాడింది ఎవల గొంతు?"

సుగుణ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఎత్తుకో."

సుగుణ కళ్ళు దించుకుని ఎత్తుకుంది. "గుప్పెడు గింజలు..." అని నేల మీద పాకుతున్నట్టుగా కింద మొదలైంది. అంత కింద ఆ పాటని నేనెప్పుడూ వినలేదు. కానీ మాకు అలవాటు. ఆమె ఎక్కడుంటే అక్కడికే పోవాలి. ఆలోచించే పని లేకుండా ముగ్గురం దిగి ఆమెని కలుసుకున్నాం. దిగాక అర్థమైంది, అక్కడ నాకు హాయిగా ఉంది. గ్రేస్‌మణి మెడ నరాలు బిగుసుకోలేదు. సలోమికి దగ్గు రాలేదు. రెండో చరణం చివర పైకి ఎక్కే చోటు వచ్చింది, ఎక్కాం, గొంతులు చీలలేదు. సుగుణ తలెత్తి మా వైపు చూసింది. ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, దాని చుట్టూ మేం ముగ్గురం ఉన్నాం. చాలా సంతోషమేసింది.

మూడో చరణంలో టీచర్ చెయ్యెత్తింది. ఆ చెయ్యెత్తితే తప్పు దొర్లినట్టు. నలుగురం ఒక్కసారిగా ఆగిపోయాం. సుగుణ ముఖం పాలిపోయింది.

టీచర్ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి జరిగి కూర్చుంది. హాస్టల్లో ఉన్న ఏడేళ్ళలో ఆమె మాతో గొంతు కలిపి పాడటం మేమెవరం చూడలేదు. నేర్పేది, వినేది, అంతే.

"జర ఇంకా కిందికి ఎత్తుకో బిడ్డా" అంది. "నాకు అందుతలేదు."

సుగుణ గొంతు సవరించుకుని ఇంకా కింద ఎత్తుకుంది. ఈసారి ఐదుగురం పాడాం.